పరీక్ష రోజు ఊరంతా నెట్ ఆపేస్తే పేపర్ లీక్ ఆగుతుందా?

జైపూర్‌లో తెలుగోడు:

నిన్న ఆఫీసులో లంచ్ టైమంతా ఈ గొడవే. అక్కడ తేలలేదు, ఇక్కడ పెడుతున్నాను. ఉద్యోగ పరీక్షలున్న రోజు రాష్ట్రం మొత్తం మొబైల్ నెట్ ఆపేయడం సబబేనా? రాజస్థాన్, అస్సాం, జార్ఖండ్ ప్రభుత్వాలు ఆ పని చేశాయి. మా టీమ్‌లో సగం మంది "పూటంత నెట్ లేకపోతే కొంపలేం మునగవు, పిల్లల భవిష్యత్తు ముఖ్యం" అన్నారు. నేను అటు కాదు.

2021 సెప్టెంబర్ 26, ఆదివారం. ఇక్కడ రీట్, అంటే టీచర్ల అర్హత పరీక్ష. పొద్దున లేచేసరికి నెట్ లేదు. అమ్మకి బీపీ మాత్రలు అయిపోయాయని మందుల షాపుకి వెళ్లాను. బిల్లు 340. ఫోన్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. జేబులో 70 రూపాయలున్నాయి. షాపాయన నా మొహం చూసి, సొరుగు అడుగు నుంచి ఎప్పటిదో పాత ఖాతా పుస్తకం తీసి, దుమ్ము దులిపి, "సౌత్ వాలే భయ్యా, 340" అని రాసుకుని మాత్రలు ఇచ్చాడు. నా పేరు కూడా అడగలేదు.

సరే, ఇంత చేసి ఏం సాధించారు? అదే రోజు బికనేర్‌లో పోలీసులు చెప్పుల ముఠాని పట్టుకున్నారు. చెప్పు అట్టలో చిన్న ఫోన్, బ్లూటూత్, చెవిలో కనిపించనంత రిసీవర్. జత 6 లక్షలట! బయటి నుంచి ఒకడు కాల్ చేసి జవాబులు చదువుతాడు. కాల్‌కి నెట్ ఎందుకు? అసలు కథ తర్వాత బయటపడింది. పేపర్ పరీక్షకి ముందే జైపూర్‌లోని విద్యాశాఖ భవన సముదాయం, శిక్షా సంకుల్ నుంచే మాయమైంది. 2022 ఫిబ్రవరిలో లెవెల్ 2 రద్దు చేశారు. నెట్ ఆపింది ఊరికి, కన్నం పడింది వాళ్ల సొంత బీరువాకి.

చాక్‌పీసు:

బాబూ, నేను కరీంనగర్ వైపు హైస్కూల్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇన్విజిలేషన్, చీఫ్ సూపరింటెండెంట్ డ్యూటీ అన్నీ చేశాను. మీ మాత్రల కష్టం నాకు అర్థమైంది. సెంటర్ లోపల ఉన్నవాడి టెన్షన్ మీకు తెలియదు.

2023 ఏప్రిల్ గుర్తుందా? టెన్త్ పరీక్షలు. మొదటి రోజు తెలుగు పేపర్ మొదలైన కాసేపటికే తాండూరు నుంచి వాట్సాప్‌లోకి వచ్చింది. మర్నాడు హిందీ పేపర్, కమలాపూర్ నుంచి. ఆ రెండు రోజులు మా స్టాఫ్ రూంలో ఎవరికీ అన్నం సహించలేదు. ఎవడి ఫోన్ మోగినా అందరం ఉలిక్కిపడేవాళ్లం. ఫొటో బయటికి పోవడానికి అర నిమిషం చాలు. ఆ మూడు గంటలు డేటా లేకపోతే ఆ ఫొటో ఎక్కడికి పోయేది? తీసినవాడి ఫోన్‌లోనే ఉండేది కదా. దీనికి జవాబు చెప్పండి.

టవర్ కింద:

మాస్టారూ, నేను ఒక టెలికాం కంపెనీ నెట్‌వర్క్ సెంటర్‌లో షిఫ్టులు చేసినవాణ్ని. మీ పాయింట్‌లో బలముంది, కాదనను. పరీక్ష మొదలయ్యాక ఫొటో పాకడం డేటా ఆపితే ఆగుతుంది. కానీ అది ఎలా జరుగుతుందో చెబుతాను, ఆ తర్వాత మీరే అనండి.

ఆర్డరు రాష్ట్ర హోం శాఖ కార్యదర్శి నుంచి కంపెనీల నోడల్ ఆఫీసర్లకి వస్తుంది. మేం ఆ ప్రాంతంలోని టవర్ సైట్ల జాబితా తీసి డేటా ఆపేస్తాం. మామూలుగా కాల్స్ నడుస్తూనే ఉంటాయి. ఆర్డరులో రాయకపోతే ఇంటి ఫైబర్ కూడా నడుస్తుంది. అంటే సెంటర్ ఎదురు మేడ మీద వైఫై పెట్టుకున్నవాడు హాయిగా ఉంటాడు, కూరగాయల బండివాడికి మాత్రం డబ్బులు పడవు. పైగా టవర్‌కి జిల్లా సరిహద్దు తెలియదు. అంచున ఉన్న సైటు ఆపితే పక్క జిల్లా ఊరికీ పోతుంది, ఆపకపోతే ఈ జిల్లా ఊరికీ వస్తుంది. ఒకసారి తెల్లారుజామున ఆ జాబితా చూస్తూ మా సూపర్‌వైజర్, నేను ఒకే ఒక్క టవర్ గురించి ఇరవై నిమిషాలు వాదించుకున్నాం. చివరికి ఆపేశాం. "ఆపినందుకు ఎవడూ అడగడు, ఆపకపోతేనే అడుగుతారు" అన్నాడాయన.

ఇంకో మాట. నెట్ ఆపడానికి 2017 నుంచి 2024 దాకా అమల్లో ఉన్న సస్పెన్షన్ రూల్స్‌లో కారణాలు రెండే: ప్రజా అత్యవసర పరిస్థితి, ప్రజా భద్రత. పరీక్ష వీటిలో ఏది? 2020 జనవరిలో కశ్మీర్‌లో నెట్ ఆపిన కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి ఆర్డర్లు బయటపెట్టాలని, అవసరానికి మించి ఆపకూడదని చెప్పింది. 2021 డిసెంబర్‌లో పార్లమెంటు ఐటీ స్థాయీ సంఘం ఇచ్చిన రిపోర్టు ఇంకా తమాషా. దేశంలో ఎక్కడెక్కడ ఎన్నిసార్లు నెట్ ఆపారో టెలికాం శాఖ దగ్గరా లెక్క లేదు, హోం శాఖ దగ్గరా లెక్క లేదు. లెక్కే లేనప్పుడు పనిచేసిందని ఎలా చెబుతారు?

ఎదుర్లంక గట్టు:

పరీక్షలు కాదు గానీ, మాకు జరిగింది చెబుతాను. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మీద గొడవలయ్యాయి కదా. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. ఆ రాత్రి నెట్ ఆపారంటే నేనూ తప్పుపట్టను. మంటలు ఆర్పాలి, పుకార్లు ఆపాలి. కానీ మంటలారాక కూడా చాలా రోజులు ఆపే ఉంచారు.

నాది అప్పుడు వర్క్ ఫ్రం హోం. మేనేజర్‌కి కోనసీమ ఎక్కడుందో తెలియదు, అల్లర్లంటే నమ్మడు. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని గోదారి గట్టుకి పోయేవాణ్ని. అవతల యానాం. అది పుదుచ్చేరి కాబట్టి అక్కడ నెట్ ఉంది. గట్టు మీద ఫలానా కొబ్బరి చెట్టు పక్కన రెండు గీతలు వచ్చేవి. నాలాంటి వాళ్లు పదిహేను మంది దాకా, గొడుగులు, పవర్ బ్యాంకులు, ఇంటి నుంచి తెచ్చిన కుర్చీలు. మూడో రోజుకి ఒకావిడ అక్కడే పునుగుల బండి పెట్టేసింది. క్లయింట్ కాల్‌లో వెనక పడవ ఇంజను చప్పుడొస్తే "మెషినరీ" అని చెప్పాను. భద్రత పేరుతో ఆపిన నెట్ నదికి అవతల నడుస్తోంది. అల్లరి చేసేవాడికి వంతెన దాటడం రాదా?

చాక్‌పీసు:

గట్టు బాబూ, మీరు నవ్వించారు గానీ అల్లర్లు వేరు, పరీక్ష వేరు. టవర్ గారూ, ఫైబర్ ఆపకపోవడం అమలులో లోపం. తాళం సరిగ్గా వేయలేదని తాళమే వద్దంటామా?

గ్రూప్ వన్ దండయాత్ర:

మాస్టారూ నమస్తే. తాళం మాట మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నాను. తాళం వేసేవాడే తీసుకుపోతే?

నేను తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ మూడుసార్లు రాశాను. ఫెయిలయి కాదు. 2022 అక్టోబర్ 16న మొదటిసారి. చెకింగ్ ఎలా చేశారంటే, వాచీ తీయించారు, బెల్టు తీయించారు, నా ముందున్న అక్క చెవి కమ్మలు రాక కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. వేలిముద్ర తీసుకున్నారు. ఒక్క నిమిషం లేటయినవాళ్లని గేటు బయటే ఆపేశారు. దాదాపు 2.86 లక్షల మందిమి అలా రాశాం. 2023 మార్చిలో తెలిసిందేంటి? పేపర్లు పరీక్ష పెట్టే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసులోని కాన్ఫిడెన్షియల్ సెక్షన్ కంప్యూటర్ నుంచే పోయాయి. తీసినవాళ్లు అక్కడ పనిచేసేవాళ్లే. మార్చి 17న మా పరీక్ష రద్దు.

రెండోసారి 2023 జూన్ 11. ఈసారి బయోమెట్రిక్ తీసుకోలేదు. అదే కారణాల్లో ఒకటిగా సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది! ఒకసారి వేలిముద్ర తీసుకుని పేపర్ పోగొట్టారు, రెండోసారి పేపర్ దాచుకుని వేలిముద్ర మర్చిపోయారు. మూడోసారి 2024 జూన్ 9, కొత్త నోటిఫికేషన్. అప్పటికి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో నా రూమ్మేట్స్ ఇద్దరు పుస్తకాలు అమ్ముకుని ఊరికి వెళ్లిపోయారు.

ఈ మూడుసార్లలో రాష్ట్రమంతా నెట్ ఆపి ఉంటే నాకు ఒరిగేదేంటో చెప్పండి. మా నాన్న కూలి డబ్బులు ఫోన్‌పేలో రావు, అంతే.

సైలెంట్ రీడర్:

అందరూ తిట్టేవాళ్లే. ఏదో ఒకటి చేయాలిగా? చేయకపోతే "ప్రభుత్వం నిద్రపోతోంది" అంటారు. సెంటర్లలో జామర్లు పెట్టొచ్చు కదా అంటే, వాటికి ఖర్చు, పర్మిషన్లు. నెట్ ఆపడం ఒక్క సంతకంతో అయిపోతుంది.

జైపూర్‌లో తెలుగోడు:

ఒక్క సంతకం. సైలెంట్ గారూ, మీరు వెనకేసుకొస్తూనే అసలు గుట్టు చెప్పేశారు. చేసేవాడికి ఖర్చు లేదు. ఖర్చంతా మందుల షాపుది, పునుగుల బండిది, కూరగాయల బండిది.

జార్ఖండ్ చూడండి. 2024 సెప్టెంబర్ 21, 22 తేదీల్లో స్టాఫ్ సెలక్షన్ పరీక్ష. మొదటి రోజు మొబైల్ డేటా ఆపారు. రెండో రోజు బ్రాడ్‌బ్యాండ్ కూడా ఆపేశారు. హైకోర్టు ఆదివారం పూట కూర్చుని వెంటనే నెట్ ఇవ్వమని ఆర్డరేయాల్సి వచ్చింది. అయినా పేపర్ లీకయిందన్న ఆరోపణలు ఆగాయా? అభ్యర్థులు రోడ్డెక్కారు, కేసులు నడిచాయి. అదే ఏడాది నీట్ పేపర్ హజారీబాగ్‌లో ఒక స్కూల్లో పెట్టె తెరిచి తీశారని సీబీఐ చెప్పింది. పెట్టె ఇనుప పెట్టె, దాన్ని తెరిచింది మనిషి.

మాస్టారూ, మీ తాండూరు ప్రశ్నకి నా దగ్గర ఎదురు జవాబు లేదు. ఫొటో ఆగేది. ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ఫొటో తీసింది పిల్లవాడు కాదు కదా. ఇన్విజిలేటర్ ఫోన్ గేటు దగ్గర పెట్టించి ఉంటే ఊరి నెట్ జోలికి పోనక్కర్లేదు.

చాక్‌పీసు:

బాబూ, ఆ మాట నిజం. తీసింది మా వృత్తివాడే. సిగ్గుచేటు. ఆ తర్వాత మా ఫోన్లన్నీ గేటు దగ్గర డబ్బాలో వేయించుకున్నారు, నేనే ముందు వేశాను.

దండయాత్ర తమ్ముడూ, నీ పోస్టు చదివినప్పటి నుంచి మనసు బాగోలేదు. ఆ 2022 అక్టోబర్ 16న నేను కూడా ఒక సెంటర్‌లో ఉన్నాను. కవర్ విప్పే ముందు ఇద్దరు అభ్యర్థులని పిలిచి, అన్ని వైపులా తిప్పి చూపించి, సీలు చెక్కుచెదరలేదని సంతకాలు తీసుకోవాలి. ముందు బెంచీ అమ్మాయి "చూసేదేముంది సార్, పెట్టేస్తాను" అంది. నేను కోప్పడ్డాను. నాలుగు మూలలూ వేలితో తడిమించి మరీ సంతకం పెట్టించాను.

కవర్ నిజంగానే చెక్కుచెదరలేదు.