‘వాహకం’ సరిపోతుందా, ‘తోడుకోవడం’ అందామా?

అందరికీ నమస్కారం. బాక్టీరియా తన కణత్వచం గుండా అమైనో ఆమ్లాలను లోపలికి ఎలా తీసుకుంటుందో తెలుగులో పాఠం రాస్తున్నాను. ఒక మాట దగ్గర రెండు రోజులుగా ఆగిపోయాను. ఈ పనిని ‘సక్రియా రవాణా’ అంటున్నాం, చేసే ప్రోటీన్‌ను ‘వాహకం’ అంటున్నాం. వాహకం అనగానే సరుకు వేసుకుని అవతలి గట్టుకు వెళ్లే పడవ మనసులో మెదులుతుంది. ఈ ప్రోటీన్ త్వచం దాటి ఎక్కడికీ వెళ్లదు. బయటి వైపు తెరుచుకుంటుంది, అమైనో ఆమ్లం వచ్చి కుదురుకున్నాక అటు మూసుకుని లోపలి వైపు తెరుచుకుంటుంది. పడవ బొమ్మ గీసిన విద్యార్థిది తప్పు కాదు, మాటదే.

‘పర్మియేజ్’ అని ఉంచేద్దామా అనీ అనుకున్నాను. 1950ల్లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో జాక్ మోనో, జార్జ్ కోహెన్ వాళ్లు పెట్టిన పేరది. కానీ చివర ఆ ‘ఏజ్’ చూస్తే ఎంజైమ్ అనిపిస్తుంది. లోపలికి వచ్చిన అమైనో ఆమ్లం మారకుండా అలాగే ఉంటుంది కదా.

నాకు తోచింది ‘తోడుకోవడం’. బయట అమైనో ఆమ్లం తక్కువ, లోపల ఎక్కువ, అయినా ఇంకా లోపలికే రావాలి. విసరణ పల్లానికి పారే నీరైతే, ఇది అడుగునున్న నీటిని పైకి తోడటం. శక్తి ఖర్చుపెట్టాల్సిందే. ఏమంటారు?

జవాబు:
చాలా బాగుందండీ. మీరు క్రియగా వాడారు, నామవాచకంగా కూడా చూడండి. అర్థాలు వేరైనా ‘తోడు’ రూపం ఒకటే, ఇక్కడ రెండూ కలిసొస్తాయి. వేడి నీటి ఊటల్లో బతికే ఆక్విఫెక్స్ అనే బాక్టీరియాలో లూటీ అనే ప్రోటీన్ ఉంది. దాని స్ఫటిక నిర్మాణం 2005లో వెలువడింది. అందులో రెండు వైపులా మూసుకుపోయి, నడుమ లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉంది. పక్కనే రెండు సోడియం అయాన్లు. వాటిలో ఒకటి నేరుగా లూసిన్‌నే తాకుతూ ఉంది! సోడియం తన పల్లానికి తాను దిగుతూ లూసిన్‌ను వెంట తెస్తుంది. మనం ‘సహరవాణా’ అని రాసేది దీన్నే. ‘తోడు రవాణా’ అంటే ఇంకా తేలిగ్గా బుర్రకెక్కుతుంది. కొన్ని ప్రోటీన్లకు సోడియం బదులు ప్రోటాన్ తోడు.

జవాబు:
తోడు లేకుండా తోడుకునేవీ ఉన్నాయి, అవి మరిచిపోవద్దు. సాల్మొనెల్లా అనే బాక్టీరియా హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసుకునే తీరు చూడండి. దాని బయటి త్వచానికీ లోపలి త్వచానికీ మధ్య ఖాళీలో హిస్‌జె అనే ప్రోటీన్ రెండు దవడల మధ్య హిస్టిడిన్‌ను పట్టుకుంటుంది. తీసుకెళ్లి లోపలి త్వచంలోని ప్రోటీన్లకు అప్పగిస్తుంది. అక్కడ శక్తి, కణానికి ఇంధనంలా పనిచేసే ఏటీపీ అణువు నుంచి వస్తుంది. కాబట్టి ‘తోడుకోవడం’ అన్నిటికీ, ‘తోడు రవాణా’ కొన్నిటికే.

ఇక ఒకటి లోపలికి, ఒకటి బయటికి పోయే రకానికి ‘ప్రతిరవాణా’ నాకు నచ్చదు, ఎదురు తిరిగినట్టుంటుంది. ‘ఇచ్చిపుచ్చుకోవడం’ అనండి. ఆమ్లం ఎక్కువున్న చోట ఈ.కోలి బాక్టీరియా గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాన్ని పుచ్చుకుని, దాని నుంచే తయారయ్యే గాబా అనే పదార్థాన్ని ఇస్తుంది. లోపల గ్లుటమేట్ గాబాగా మారేటప్పుడు ఒక ప్రోటాన్ ఖర్చవుతుంది, కణానికి ఆమ్లం బాధ ఆ మేరకు తగ్గుతుంది.

మొదట అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. తోడుకోవడం, తోడు రవాణా, ఇచ్చిపుచ్చుకోవడం మూడూ పాఠంలో పెడుతున్నాను. పరీక్షల్లో కనిపించేది ‘సక్రియా రవాణా’ కాబట్టి మొదటిసారి దాన్నీ పక్కనే రాస్తాను. వాహకం మాత్రం తీసేస్తున్నాను. అయితే ఇప్పుడు హిస్‌జె దగ్గర ఆగాను. ‘బంధక ప్రోటీన్’ అంటే కట్టిపడేసి వదలనట్టుంది, అదేమో పట్టుకుని అప్పగించేది. ‘పట్టు ప్రోటీన్’ అంటే పట్టుపురుగు గుర్తొస్తుందేమో. ఇంకేదైనా మాట తోస్తే చెప్పండి.