లాన్‌లో తుంగ ఎంత పీకినా పోవట్లేదు

కొంపల్లి ఇల్లు: రెండేళ్ల కిందట మెక్సికన్ గడ్డి వేయించాం. వానలు మొదలయ్యాక తుంగ కమ్మేసింది, ఆదివారం పీకితే వారం తిరక్కుండానే మళ్లీ లేస్తోంది. మామిడి చెట్టు కింద అయితే ఉత్త మట్టే. రోజూ నీళ్లు పెడుతున్నాం కూడా.

గరికపోచ: పైన ఆకు పీకితే లాభం లేదండీ, తుంగ ప్రాణమంతా కింద గడ్డల్లో ఉంటుంది. నేల తడిగా ఉన్నప్పుడు గునపంతో లోతుగా తవ్వి గడ్డతో సహా తీయాలి, ఒక్కటి మిగిలినా మళ్లీ మొలుస్తుంది. నాకు రెండు వానాకాలాలు పట్టింది, నడుం సంగతి అడక్కండి.

పెరటిమనిషి: ముందు ఆ రోజూ నీళ్లు ఆపండి. పైతడి ఆరాక ఒకేసారి బాగా పెడితే వేర్లు లోతుకెళ్తాయి. కోసేటప్పుడు ఎత్తులో మూడో వంతు మించొద్దు.

కొంపల్లి ఇల్లు: మరి చెట్టు కింద?

గరికపోచ: ఎండ లేక రావట్లేదు. కొమ్మలు కొట్టించండి, లేదా రాళ్లు పరిచి కుర్చీ వేసుకోండి, మేమదే చేశాం.