ప్రింటర్ మొరాయిస్తే ముందు రీస్టార్టా, కారణం వెతకడమా?

జిరాక్స్ షాపు, తెనాలి: ఇంటర్ హాల్ టికెట్ల కోసం పిల్లలు క్యూలో ఉన్నప్పుడే మా లేజర్ ప్రింటర్ ఆగుతుంది. మా తమ్ముడికి తెలిసిన వైద్యం ఒక్కటే: అన్నీ ఆఫ్ చేసి ఆన్ చేయడం. నిన్న మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అదే పేజీ దగ్గర ఆగింది. ఇది రిపేరా, తాయెత్తు కట్టడమా?

సిస్టం డాక్టర్: మందు సరైనదే, వేసే పద్ధతే తప్పు. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్ డౌన్ కొట్టినా సిస్టం పూర్తిగా నిద్రపోదు. కెర్నల్ (విండోస్ గుండెకాయ), డ్రైవర్లు (ప్రింటర్ లాంటివాటిని నడిపే ప్రోగ్రాములు) ఏ స్థితిలో ఉన్నాయో డిస్క్‌లో దాచుకుని, ఆన్ చేయగానే అక్కడి నుంచే లేస్తుంది. పాత తలనొప్పి కూడా దాంతోపాటే లేస్తుంది. మెనూలో రీస్టార్ట్ నొక్కితేనే అంతా మొదటినుంచి మొదలవుతుంది. ముందు అది చేసి చెప్పండి.

పాత నెట్ సెంటర్: అన్నా, ఇక్కడ ఒప్పుకోను. ఎన్ని రీస్టార్టులు కొట్టినా ఆ పేజీ పోదు. ప్రింట్ ఇచ్చిన ఫైలు డిస్క్ మీదే కూర్చుని ఉంటుంది. విండోస్ ఫోల్డర్‌లో సిస్టం32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్. విండోస్ సర్వీసెస్‌లోకి వెళ్లి ప్రింట్ స్పూలర్‌ని (ప్రింట్లను వరుసలో పెట్టి ప్రింటర్‌కి పంపేది అదే) స్టాప్ చేయండి, ఆ ఫోల్డర్ లోపలి ఫైళ్లు తీసేయండి (ఫోల్డర్‌ని కాదు బాబూ!), మళ్లీ స్టార్ట్ చేయండి. రెండు నిమిషాల పని.

కొత్త సభ్యుడు: కేబుల్ సరిగ్గా ఉందా?

బడి ఆఫీసు: ఆ రెండు నిమిషాల పనితోనే మా ఆఫీసులో వెనక వరుసలో ఉన్న ప్రోగ్రెస్ కార్డులన్నీ ఎగిరిపోయాయండీ. ముందు ప్రింట్ క్యూ తెరిచి ఇరుక్కున్న ఒక్కదాన్ని క్యాన్సిల్ చేసి చూడండి, పోకపోతేనే స్పూలర్ జోలికి వెళ్లండి. ఇంకోటి, 'ఆఫ్‌లైన్' అని చూపిస్తే కథ వేరు. మాకు కరెంటు పోయి వచ్చాక రౌటర్ వైఫై ప్రింటర్‌కి కొత్త ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇచ్చింది, సిస్టం పాత అడ్రస్‌కే పంపుతూ కూర్చుంది. రౌటర్‌లో ఆ ప్రింటర్‌కి ఒకే ఐపీ కేటాయించాం. ఆ గొడవ మళ్లీ రాలేదు.

సిస్టం డాక్టర్: సరే, స్పూల్ ఫైలు విషయంలో ఓడిపోయాను. కానీ డ్రైవర్ బిగుసుకుపోతే మాత్రం రీస్టార్టే.

జిరాక్స్ షాపు, తెనాలి: మేడమ్ చెప్పినట్టు క్యాన్సిల్ కొట్టాను, 'డిలీటింగ్' అంటూ అక్కడే ఉండిపోయింది. అన్న చెప్పినట్టు స్పూలర్ ఆపి ఫైళ్లు తీశాను, మిగతావాళ్లవి మళ్లీ ఇస్తే వచ్చాయి. ఆ హాల్ టికెట్ మళ్లీ ఇస్తే మళ్లీ ఆగింది! చివరికి పీడీఎఫ్ ప్రింట్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ తెరిచి, 'ప్రింట్ యాజ్ ఇమేజ్' (పేజీని బొమ్మగా మార్చి పంపేది) టిక్ పెడితే బయటికొచ్చింది. తేడా ప్రింటర్‌లో కాదు, ఆ ఒక్క ఫైల్లో ఉంది. తమ్ముడు మాత్రం మధ్యలో తాను కొట్టిన రీస్టార్ట్ వల్లే వచ్చిందంటున్నాడు.