పాత వ్యాక్యూమ్ క్లీనర్‌కి చక్రాలు ఎక్కడ దొరుకుతాయి? లేదా ఎలా చేయించాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, ఎంవీపీ కాలనీ. నాన్నగారు షిప్పులో పనిచేసే రోజుల్లో, 1986లో, బయటి దేశం నుంచి తెచ్చిన వ్యాక్యూమ్ క్లీనర్ ఇంట్లో ఉంది. మోటారు ఇప్పటికీ భేషుగ్గా తిరుగుతోంది. పాడైనవి వెనక రెండు చక్రాలే. కొత్త మెషీన్ కొనుక్కోమంటున్నారు అందరూ. ప్రతి ఆదివారం ఆయన చేత్తో లాగిన వస్తువు, పారేయడానికి నాకు మనసు రావట్లేదు.

ఏళ్ల తరబడి గాలి తగిలి చక్రాల రబ్బరు గట్టిపడింది, నెర్రెలిచ్చింది. లాగితే నల్లటి పొడి రాలి మార్బుల్ మీద పెన్సిల్ గీతలా పడుతోంది. చక్రం అడ్డకొలత 72 మి.మీ., మందం 18, స్టీలు ఇరుసు 6 మి.మీ.

పూర్ణా మార్కెట్ అంతా తిరిగాను. సూట్‌కేసు చక్రాలు మరీ చిన్నవి. ఆటోనగర్‌లో ఒక లేత్ మేస్త్రి నైలాన్ రాడ్‌తో చేసిస్తానన్నారు. కానీ ఉత్త నైలాన్ అయితే నేల మీద గరగరలాడుతుంది కదా! అంచు చుట్టూ గాడి తీయించి, అందులో రబ్బరు ఓ-రింగు బిగిస్తే టైరులా పనిచేస్తుందా? మలుపు తిప్పినప్పుడు రింగు ఊడిరాకుండా గాడి ఎంత లోతు ఉండాలి?

ఇంకో దారి త్రీడీ ప్రింటింగ్. 95ఏ గట్టిదనం ఉన్న టీపీయూతో (రబ్బరులా వంగే ప్లాస్టిక్) చేయిస్తే, ఎనిమిది కిలోల బరువుకి ఒకేచోట నిలబెట్టి ఉంచినా చక్రం సొట్టపోకుండా ఉంటుందా? విశాఖలో రెండే రెండు ముక్కలైనా విసుక్కోకుండా చేసిచ్చేవాళ్లు తెలిస్తే దయచేసి చెప్పండి.