విద్యార్థులు తగ్గిన మేజర్లను మూసేసి కొత్త కోర్సులు తేవాలా?

ఉప్పుటేరు (చర్చ ప్రారంభం)

మాది పశ్చిమ డెల్టాలో రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల. వచ్చే విద్యా సంవత్సరానికి ఏ మేజర్లు (డిగ్రీలో విద్యార్థి ప్రధానంగా చదివే సబ్జెక్టులు) ఉంచాలో, ఏవి ఎత్తివేయాలో, ఏవి కొత్తగా అడగాలో తేల్చి ప్రతిపాదన పంపవలసిన బాధ్యత స్టాఫ్ కౌన్సిల్ మీద పడింది. చరిత్రకు, వృక్షశాస్త్రానికి వెబ్ ఆప్షన్లు పెట్టేవారు బాగా తగ్గారు కనుక ఆ రెండు మేజర్లనూ మూసి డేటా సైన్సు, ఆక్వాకల్చర్ అడగాలని మా సహోద్యోగుల్లో ఎక్కువమంది అంటున్నారు. నాకు ఈ పద్ధతి సమ్మతం కాదు. కారణాలు ఇక్కడ పెడుతున్నాను, కాదనేవారు కాదనవచ్చు.

2023-24లో సింగిల్ మేజర్ విధానం రాకముందు మన రాష్ట్రంలో బీఏ అయినా బీఎస్సీ అయినా మూడు సబ్జెక్టులు సమానంగా చదివేవారు. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిసిన హెచ్‌ఈపీలో చేరినవారిలో చాలామందికి అర్థశాస్త్రం మీదో రాజనీతిశాస్త్రం మీదో గురి ఉన్నా చరిత్ర తరగతి నిండుగానే ఉండేది. ఇప్పుడు ప్రవేశాల నాడే ఒక్క సబ్జెక్టును ఎంచుకోమంటున్నాం. ఇంటర్ ముగించి వచ్చిన పిల్లవాడు, పక్కన నిలబడిన తండ్రి, నెట్ సెంటరులో వరుస వెనక తోసుకుంటున్నవాళ్లు, ఇంత హడావుడిలో జరిగిన ఎంపికను చరిత్ర మీద సమాజం ఇచ్చిన తీర్పుగా చదవడం తొందరపాటు. తగ్గిన సంఖ్యలో కొంత నిజంగా ఆసక్తి తగ్గడం వల్ల కావచ్చు, కానీ కొంత మాత్రం దరఖాస్తును మనం మార్చిన తీరు వల్ల వచ్చిందే.

అసలు అభ్యంతరం వేరే ఉంది. కోర్సు పేరుతో మొదలుపెట్టి, దాన్ని ఎవరు చెబుతారన్నది చివరికి చూసుకుందామనడం ఎప్పుడూ జరుగుతున్నదే. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ఇచ్చిన చట్రంలో మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు ఉంటే అందులో మేజర్‌కు 60, దానికి తోడుగా చదివే మైనర్‌కు 24. మన రాష్ట్రపు సర్దుబాట్లు కొంత వేరైనా లెక్క చూసుకోవడానికి ఈ అంకెలు చాలు. ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట పాఠం. 60 క్రెడిట్లను ఆరు సెమిస్టర్లకు పంచితే సెమిస్టరుకు 10 వస్తాయి. మూడు బ్యాచులూ ఒకేసారి నడుస్తాయి కనుక వారానికి 30 గంటల బోధన కావాలి. ప్రాక్టికల్స్‌కు ఒక క్రెడిట్ అంటే రెండు గంటలు కాబట్టి సైన్సు మేజర్‌కు ఇది ఇంకా పెరుగుతుంది. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు ప్రత్యక్ష బోధన వారానికి 16 గంటలని యూజీసీ 2018 నిబంధనలు చెబుతున్నాయి. అంటే ఏ మేజర్‌కైనా కనీసం ఇద్దరు ఉండాలి. డేటా సైన్సుకు మా దగ్గర మంజూరైన పోస్టు ఒక్కటీ లేదు. ఇద్దరు గెస్ట్ లెక్చరర్లు దొరికినా, మార్చి వచ్చేసరికి ఇంకా మెరుగైన ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతే మిగిలిన సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు?

కీబోర్డు

ఉప్పుటేరు గారూ, మీ లెక్కను గౌరవిస్తూనే దాన్ని మీకే తిప్పి అడుగుతున్నాను. మీ కళాశాలలో చరిత్రకు ఎంతమంది ఉన్నారు? చాలా చిన్న పట్టణాల్లో లాగా ఒక్కరే అయితే, 30 గంటల మేజర్‌ను ఆ ఒక్కరూ ఎలా నడుపుతున్నారు? కొత్త కోర్సుకు అడ్డువచ్చిన అంకె పాత కోర్సుకు ఎందుకు అడ్డురాదు? పాత మేజర్లను ఉంచుదామనే వాదన వెనక చాలాసార్లు వర్క్‌లోడ్ (బోధన గంటలు) తగ్గితే పోస్టు తరలిపోతుందన్న భయం ఉంటుంది. ఆ భయం నాకు అర్థమవుతుంది కానీ కళాశాల ఉన్నది దానికోసం కాదు.

మా వీధిలో కౌలురైతు కొడుకు కంప్యూటర్ డిగ్రీ కోసం భీమవరంలో ప్రైవేటు కళాశాలకు రుసుము కట్టి వెళుతున్నాడు. నడిచి వెళ్లేంత దూరంలో ప్రభుత్వ కళాశాల ఉండి కూడా అతనికి పనికిరాలేదు. డబ్బున్నవారు డేటా సైన్సు చదువుకుంటారు, లేనివారు మీరు మిగిల్చింది చదువుకోవాలి అంటే, దాన్ని సబ్జెక్టుల పరిరక్షణ అని ఎలా అంటాం?

గట్టు ల్యాబ్

నేను కైకలూరు దగ్గర నీటి పరీక్షల ల్యాబ్ నడుపుతున్నాను. ఆక్వాకల్చర్ మేజర్ ప్రస్తావన వచ్చింది కనుక మాకు ఎలాంటివారు కావాలో రాస్తున్నాను.

తెల్లవారేసరికి రైతులు చెరువు నీళ్ల సీసాలు తెచ్చి వరుసగా పెడతారు. పీహెచ్, సెలినిటీ, ఆల్కలినిటీ, అమ్మోనియా చూసి మధ్యాహ్నం మేతకు ముందే చెప్పాలి. రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా కోసం, దాన్ని పెంచి చూపే టీసీబీఎస్ ప్లేటు మీద నీళ్లు పూసి మర్నాడు చూస్తే పసుపు కాలనీలు, పచ్చ కాలనీలు విడివిడిగా లేస్తాయి. పచ్చవి పెరిగితే రైతుకు వెంటనే ఫోను చేయాలి. ఈ పనికి వచ్చే పిల్లల్లో సర్టిఫికెట్ మీద ఆక్వాకల్చర్ అని ఉన్నవారికంటే, టైట్రేషన్‌లో రంగు మారే చుక్క దగ్గర బ్యూరెట్‌ను ఆపగలిగిన కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ పిల్లలే నాకు ఎక్కువ అక్కరకు వచ్చారు. కొందరైతే మూడేళ్లలో ప్లేటు పోయనే లేదు, రికార్డు మాత్రం చక్కగా రాసుకున్నారు.

ఇంకొక సంగతి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి వెళ్లినప్పుడు ఇక్కడ వనామీ రొయ్యల ధరల మీద, కొత్తగా సీడ్ (రొయ్యపిల్లలు) వేసేవారి మీద పడిన దెబ్బ కళ్లారా చూశాం. చెరువులు ఎండగడితే మా ల్యాబులకు పని ఉండదు. కెమిస్ట్రీ చదివినవాడు మందుల కంపెనీకి వెళతాడు. మూడేళ్లూ రొయ్య ఒక్కటే చదివినవాడు ఎక్కడికి వెళ్లాలి? ఆక్వాకల్చర్ వద్దనడం లేదు, మేజర్‌గా వద్దంటున్నాను.

బీజడ్‌సీ 2014

నేను ఇలాంటి ప్రభుత్వ కళాశాలలోనే బీజడ్‌సీ (వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, కెమిస్ట్రీ) చదివి, బీఈడీ చేసి, ఇప్పుడు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతున్నాను. పదో తరగతి రవాణా పాఠంలో గుండె గదులు చెప్పిన నోటితోనే మొక్కల్లోని దారువు, పోషక కణజాలం చెప్పాలి. ఒక్క జంతుశాస్త్రమే లోతుగా చదివిన టీచరు ఆ పాఠంలో సగం మాత్రమే ధైర్యంగా చెబుతుంది.

2025లో టీచరు ఉద్యోగాల మెగా డీఎస్సీకి 16,347 పోస్టులు ప్రకటించారు. గ్రూప్-2 మెయిన్స్ మొదటి పేపరులో ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర ఉంది. మన ఊళ్ల పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఈ రెండు దారుల్లోనే ఎక్కువగా వెళతారన్నది ఎవరూ కాదనలేరు. కళాశాలలో చరిత్ర మూసేస్తే వాళ్లు చరిత్ర చదవడం మానరు కీబోర్డు గారూ, కోచింగ్ సెంటరుకు డబ్బు కట్టి చదువుతారు. మీ కౌలురైతు కొడుకు కట్టిన రుసుము మీకు కనిపించింది, ఈ రుసుము కూడా లెక్కలోకి రావాలి కదా.

ఉప్పుటేరు

కీబోర్డు గారు అడిగినదానికి సూటిగా చెబుతాను. మా దగ్గర చరిత్రకు ఉన్నది ఒక్కరే. 30 గంటల లెక్క ఆయనకూ వర్తిస్తుంది, కాబట్టి చరిత్ర మేజర్‌ను ఉన్నదున్నట్టు కొనసాగించమని నేను అడగడం లేదు. మైనర్ లెక్క చూడండి: 24 క్రెడిట్లు, సెమిస్టరుకు 4, మూడు బ్యాచులకు వారానికి 12 గంటలు. ఒక్క అధ్యాపకుడు 16 గంటల్లో దాన్ని పూర్తిగా చెప్పగలడు, మిగిలిన నాలుగు గంటల్లో అన్ని మేజర్లవారికీ స్థానిక చరిత్ర మీద ఒక పేపరు చెప్పగలడు. అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం మేజర్ల వారికి చరిత్రను, జంతుశాస్త్రం వారికి వృక్షశాస్త్రాన్ని మైనర్‌గా ముందుపెడితే పాత హెచ్‌ఈపీ, బీజడ్‌సీల సారం చాలావరకు నిలుస్తుంది, పోస్టులూ నిలుస్తాయి. ఆక్వాకల్చర్‌ను కెమిస్ట్రీ, జంతుశాస్త్రం పిల్లలకు మైనర్‌గా పెట్టి, గట్టు ల్యాబ్ గారి వంటి చోట్ల ఇంటర్న్‌షిప్ చేయించవచ్చు. డేటా సైన్సు మాత్రం రెండు పోస్టులు మంజూరయ్యాకే. అప్పటివరకు గణితం, స్టాటిస్టిక్స్ వారికి ప్రోగ్రామింగ్‌ను స్కిల్ పేపర్లుగా ఇద్దాం.

మాది అటానమస్ (స్వయంప్రతిపత్తి గల) కళాశాల కాదు కనుక సిలబస్ మా చేతిలో లేదు. ఏ మైనర్‌ను ఏ మేజర్‌తో కలిపి అందించాలన్న సర్దుబాటు మాత్రం చాలావరకు టైమ్‌టేబుల్ వేసేవాళ్ల చేతిలోనే ఉంది.

బీజడ్‌సీ 2014

మాస్టారూ, లెక్క బాగుంది కానీ మైనర్ చదివిన అమ్మాయికి ఎంఏ చరిత్రలో సీటు ఇస్తారా అన్న ప్రశ్నకు జవాబు లేకుండా మేజర్‌ను వదులుకోకండి. జిల్లా కేంద్రంలోని పెద్ద కళాశాలలో చరిత్ర మేజర్ ఉందిలే అంటారు. సాయంత్రం తరగతులు అయ్యాక ఊరికి చివరి బస్సు ఉండదని చదువు మాన్పించిన ఇళ్లు నాకు తెలుసు.

కీబోర్డు

మైనర్ల ప్రతిపాదనకు నా అభ్యంతరం లేదు. పోస్టులు వచ్చాకే డేటా సైన్సు అన్న షరతుకు మాత్రం ఉంది. విద్యార్థులే లేని కోర్సుకు పోస్టు ఎవరూ మంజూరు చేయరు, పోస్టు లేని కోర్సు మీరు పెట్టరు. ఈ చిక్కుముడిని ఎవరో ఒకరు ఒక కొస నుంచి విప్పాలి. కనీసం ఒక్క పోస్టు, పనిచేసే కంప్యూటర్ ల్యాబ్ ఉంటే మొదటి బ్యాచ్‌ను తక్కువ సీట్లతో మొదలుపెట్టవచ్చునని మీ ప్రతిపాదనలో ఒక వాక్యం చేర్చండి. మొదటి సంవత్సరం ఒకే బ్యాచ్ ఉంటుంది కనుక మీ లెక్క ప్రకారమే వారానికి 10 గంటలు, ప్రాక్టికల్స్ కలిపినా ఒక్కరు చెప్పగలిగినంతే.

ఉప్పుటేరు

చేరుస్తాను. రెండో బ్యాచ్ ప్రవేశాలు తెరవకముందే రెండో పోస్టు రాకపోతే ఆ ఏడాది ప్రవేశాలు నిలిపివేయాలన్న వాక్యం కూడా దాని పక్కనే ఉంటుంది. ఎంఏ అర్హత సంగతి విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడుగుతున్నాం. ఆ జవాబు వచ్చేదాకా చరిత్ర మేజర్‌ను ఎత్తివేసే అంశాన్ని పక్కన పెట్టి మిగతా ప్రతిపాదనను పంపుతాం.