రాజుకు రెండుసార్లు వద్దంది. అంతమాత్రాన ఆమెకు స్వేచ్ఛ ఉన్నట్టేనా?

నిద్రలేని సీత: కొరియన్ సీరియల్ ‘ద రెడ్ స్లీవ్’ (2021) నిన్న రాత్రి రెండింటికి పూర్తిచేశాను. కళ్లు వాచిపోయాయి. అంతఃపుర పరిచారిక సొంగ్ దొక్-ఇమ్, జొంగ్జో రాజుకు ఉపపత్నిగా ఉండనంటుంటే అందరూ ఈలలు వేస్తున్నారు. నాకైతే చివరి ఎపిసోడ్లే గొంతులో అడ్డం పడ్డాయి. ఉపపత్ని అయ్యాక ఆ పిల్ల గదిలో కూర్చుని, రాజు ఎప్పుడొస్తాడా అని ఎదురుచూడడమే. హోదా పెరిగింది, గడప దాటే వీలు పోయింది.

పాతకోట: సీరియల్ వాళ్లు అల్లింది కాదండీ, చరిత్రలోనూ కాదంది. 1786లో ఆమె చనిపోయాక జొంగ్జో స్వయంగా రాసిన సమాధి లేఖనంలో ఉంది. మీ భార్య యువరాణికి ఇంకా సంతానం లేదు, నేను ఒప్పుకోలేనని ఏడ్చిందట. పదిహేనేళ్ల తర్వాత అడిగితే మళ్లీ అదే మాట. ఏ రాజు అన్నేళ్లు ఆగుతాడు? నాకది గౌరవంలాగే కనిపిస్తోంది.

మిరపకాయ్ బజ్జీ: తర్వాతి వాక్యం మింగేశారేం పాతకోట గారూ? రెండోసారి వద్దన్నాక ఆమె కింద పనిచేసేవాళ్లను శిక్షించాడు. అప్పుడు ఒప్పుకుంది. పక్కింటివాణ్ణి కొట్టి మనచేత సంతకం పెట్టించుకుంటే దాన్ని ఇష్టం అంటామా?

పాతకోట: సరే, ఆ మాట దాటేశాను, తప్పే. కానీ ఆయన చేతుల్లో మాత్రం ఏముంది? 1762లో ఆయన తాత, అప్పటి రాజు యొంగ్జో, కన్నకొడుకు సాడోను బియ్యప్పెట్టెలో పెట్టించాడు. ఎనిమిది రోజులకు ప్రాణం పోయింది. తండ్రిని వదిలెయ్యమని బతిమాలిన, పదేళ్లైనా నిండని పిల్లాడే ఈ జొంగ్జో.

మిరపకాయ్ బజ్జీ: జాలి నాకూ ఉంది. కానీ ఆ పిల్లాడు పెద్దయి సింహాసనం ఎక్కాడు, ఎక్కాక శిక్ష వేసే చెయ్యి తనదే. అదీకాక జోసన్‌లో, అంటే అప్పటి కొరియా రాజ్యంలో, రాజు తుమ్మినా రాసుకునేవాళ్లు. 1404లో తేజోంగ్ అనే రాజు గుర్రం మీంచి పడి, చరిత్రకారుడికి తెలియనివ్వకండి అంటే, ఆ మాటనూ రాసిపెట్టారు! దొక్-ఇమ్ ఎందుకు వద్దందో మాత్రం అడిగినవాడి నోటే వినాలి. సంతానం సంగతి అసలు కారణమో, తప్పించుకోవడానికి చెప్పిన మర్యాద మాటో ఎవరికి తెలుసు?

నిద్రలేని సీత: ఆమె చేతిరాత మిగిలింది తెలుసా? 1773లో జొంగ్జో చెల్లెళ్లతో, తోటి పరిచారికలతో కలిసి ఒక నవలకు ప్రతి రాసింది. అక్షరాలు ఆమెవే, కథ ఇంకెవరిదో.