ఎడమ లైటు సగంలో ఆగిపోతోంది: పాప్-అప్ బండ్లున్నవాళ్ళు ఒకసారి చూడండి

సగంరెప్ప:
బండి 1991 మాజ్డా మియాటా, హెడ్‌లైట్లు బానెట్‌లోంచి పైకి లేచే రకం. కుడి లైటు టక్కున లేస్తుంది. ఎడమది సగం దాకా వచ్చి ఆగుతుంది, చేత్తో కాస్త ఎత్తిపడితే మిగతా సగం తనే లేస్తుంది. చలి పెడితే ఇంకా మొండికేస్తుంది. మోటారు మీద ఉండే రబ్బరు టోపీ తీసి నాబ్ తిప్పితే చివరిదాకా వస్తోంది, కాకపోతే ఒక చోట బిగుసుకుంటోంది. ఫ్యూజ్ బాగుంది. రెండు ప్రశ్నలు. ఒకటి, మోటారు విప్పకముందే ఏమేం చూసుకోవాలి? రెండు, లైటు దించాక ఎడమ మూత బానెట్ కంటే కొంచెం ఎత్తుగా నిలుస్తోంది. దాన్ని ఎక్కడ సర్దుతారు?

పాతఇనుము:
గేరు పోయింది. ఇంకో మాట లేదు. నా ఫైర్‌బర్డ్‌లో ఇదే గొడవ. లైటు లేచేసినా లోపల మోటారు గర్రుమని తిరుగుతూనే ఉండేది. విప్పితే నైలాన్ గేరు పళ్ళు ఒక పక్కన నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఇత్తడి గేరు వేసి పారేశా, మళ్ళీ మూత తీసే పని పడలేదు. మీరూ అదే వేయండి, ఎక్కువ ఆలోచించకండి.

మీటరు_మాస్టారు:
సగంరెప్ప గారూ, గేరు మాట పక్కన పెట్టి ముందు ఎర్త్ చూడండి, అంటే మోటారు కరెంటు ఛాసిస్‌లోకి తిరిగెళ్ళే జాయింటు. ఇలాంటి బండ్లు చాలా చూశాను, వాటిలో సగానికి పైగా వైరింగ్ దగ్గరే తేలాయి. మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగటివ్‌కి, ఎర్ర తీగ మోటారు ఎర్త్‌కి పెట్టి, ఎవరినైనా లోపల కూర్చోబెట్టి లైటు ఎత్తించండి. లేస్తున్నప్పుడే చదవాలి, ఆగి ఉన్నప్పుడు కాదు. అందరూ బండి ఆపి, కనెక్టర్ పీకి, "12 వోల్టులు వస్తోంది కదా" అని సంబరపడతారు. ఒక్క పోగు మిగిలిన వైరులో కూడా 12 వస్తుంది! కరెంటు పారితేనే తుప్పు బయటపడుతుంది. 0.2 వోల్టులు దాటిందంటే ఆ జాయింటు విప్పి, గీకి, మెరిసేదాకా శుభ్రం చేసి బిగించండి. అదే పని పాజిటివ్ వైపు కూడా.

పాతఇనుము:
సగానికి పైగా వైరింగేనా? మరి నా చేతిలో పళ్ళు లేని గేరు ఎక్కడి నుంచి ఊడిపడింది మాస్టారూ?

తుప్పుబాబాయ్:
మీవన్నీ కరెంటు బండ్లు, మీకేం, మీటరు పెడితే చెప్పేస్తుంది. నాది వాక్యూమ్. మూడో తరం కార్వెట్‌లో లైట్లు ఇంజను పీల్చే గాలితోనే లేస్తాయి, దిగుతాయి. రబ్బరు గొట్టం ఎక్కడ చిట్లిందో వెతుక్కుంటూ ఫెండరు లోపల తల దూర్చి ఎన్ని సాయంత్రాలు గడిపానో. ఒక కన్ను ముందు, ఒక కన్ను వెనక లేస్తే అందరూ ఫొటోలు తీసుకుంటారు, నాకు కడుపు మండిపోతుంది. ఇంజను ఆపేశాక కూడా ట్యాంకులో లైట్లు ఎత్తడానికి సరిపడా వాక్యూమ్ నిలవాలి. నిలవకపోతే ముందు చెక్ వాల్వ్ (గాలిని ఒకే వైపు పోనిచ్చేది), తర్వాతే గొట్టాలు. పాత లోటస్ ఎలాన్ వాళ్ళది ఇంకా ఘోరం, ముందు వైపు ఛాసిస్ అడ్డదూలమే (క్రాస్‌మెంబరు) వాక్యూమ్ ట్యాంకు. ఛాసిస్‌కి తుప్పు పట్టి చిల్లు పడితే లైట్లు పోతాయి!

రాత్రిడ్రైవర్:
@తుప్పుబాబాయ్ ఎలాన్‌లో తర్వాతి కార్లకి ఉల్టా చేశారు. స్ప్రింగు పైకి లేపుతుంది, వాక్యూమ్ కిందికి పట్టి ఉంచుతుంది. లీకైతే రోడ్డు మీద చీకటి కాకుండా. అందుకే నిలిపిన బండి తనంతట తనే మెల్లగా కళ్ళు తెరుస్తుంది, అది రిపేరు కాదు.

సగంరెప్ప:
బాగుంది కానీ నాది మియాటా అండి.

జర_ఆగన్నా:
అన్నా, మొదలు ఫ్యూజ్ గుంజి గానీ మోటారు కనెక్టర్ పీకి గానీ నాబ్ తిప్పు. చెయ్యి లోపల పెట్టినప్పుడు ఎవడన్న బటన్ నొక్కితే వేలు పోతది, మోటారుకు కనికరం ఉండదు. నాది పోర్షె 944. దాంట్ల రెండు లైట్లకు కలిపి ఒకటే మోటారు, నడిమిట్ల రాడ్డు. ఒకటి లేసి ఇంకోటి లేవలేదంటే కరెంటు ముచ్చటే కాదు, అది రాడ్డు కీళ్ళల్ల ఉండే బుష్షులు అరిగినట్టు. నీ దాంట్ల దేని మోటారు దానిదే గాబట్టి సులువు. కుడిది మంచిగ లేస్తుందంటే బటన్ మంచిగనే ఉన్నది. ఇగ మిగిలింది ఎడమ దిక్కు వైరు, మోటారు, కీలు, గంతే.

మీటరు_మాస్టారు:
పాతఇనుము గారూ, మీ గేరు పోయిందని నేను కాదనలేదు. ఎందుకు పోయిందో ఒకసారి చూసుకోండి. మీ బండిలో లైటు చివరికెళ్ళి ఇనుప ఆపుకి గుద్దుకుంటుంది, అప్పుడు మోటారు లాగే కరెంటు పెరగడం చూసి కంట్రోల్ మాడ్యూల్ ఆపుతుంది. ప్రతిసారీ ఆ దెబ్బ గేరు పళ్ళకే. మియాటాలో అలా కాదు, మోటారు లోపలే కాంటాక్ట్ డిస్కు ఉంటుంది, చేరాల్సిన చోటికి చేరగానే కరెంటు తెగుతుంది. మోటారు ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది, అర చుట్టుకి పైకి, ఇంకో అర చుట్టుకి కిందికి. మీ రోగానికి రాసిన చీటీ ఈయనకి ఇస్తే ఎలా?

పాతఇనుము:
ఇత్తడి గేరు వేసుకున్నవాళ్ళందరూ పిచ్చివాళ్ళా? కార్వెట్ సి5 (ఐదో తరం) వాళ్ళని అడగండి, సగం మంది ఇత్తడే.

మీటరు_మాస్టారు:
వేసుకోండి, ఎవరు వద్దన్నారు? కీలు తుప్పుతో బిగుసుకున్నాక నైలాన్ తీసి ఇత్తడి వేస్తే బరువు తగ్గిపోతుందా? ఈసారి గేరు బదులు మోటారు కాలుతుంది. ఇన్నేళ్ళు చేత్తో పని చేసినవాడిగా చెబుతున్నా.

పాతఇనుము:
నేను మాత్రం కాలితో చేశానా.

రాత్రిడ్రైవర్:
ఇద్దరూ కాస్త ఆగండి. ఒక వర్క్‌షాప్‌లో నా టొయోటా ఎంఆర్2 లైటు కీలుకి మామూలు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి "అయిపోయింది సార్" అని పంపారు. కొన్నాళ్ళు బ్రహ్మాండంగా లేచింది, తర్వాత ఇంకా బిగుసుకుంది. ఆ స్ప్రే ఆరిపోతుంది, ఉన్న గ్రీజుని కూడా కడిగేస్తుంది. స్ప్రే కొట్టి, కదిపి, తుడిచి, ఆపైన తెల్ల లిథియం గ్రీజు పెట్టాలి. రెండో సగం పని ఎవడూ చేయడు.

కొత్తగావచ్చా:
ఇంత కష్టం ఎందుకండీ? లైట్లు పైకెత్తి ఫ్యూజ్ పీకేస్తే సరిపోదా? కప్పలా ఉన్నా ముద్దుగానే ఉంటుంది.

తుప్పుబాబాయ్:
అయితే పాప్-అప్ బండి కొనడం దేనికి నాయనా? ఓపెల్ జీటీ చూశావా, పక్కనున్న లివరు బలంగా తోస్తే రెండు లైట్లూ ఒకే వైపుకి పొర్లి లేస్తాయి. మోటారు లేదు, వాక్యూమ్ లేదు, రిలే లేదు. వీటన్నిటికీ తాత లోటస్ ఎలాన్.

రాత్రిడ్రైవర్:
తాత ఎలాన్ కాదు బాబాయ్. 1936 కార్డ్ 810. డాష్‌బోర్డుకి రెండు వైపులా చేతి హ్యాండిళ్ళు, ఒక్కో లైటుకి ఒకటి. డ్రైవరు రెండు చోట్లా తిప్పాలి. చివరివి కార్వెట్ సి5, లోటస్ ఎస్ప్రీ. రెండూ 2004లో ఆగిపోయాయి.

తుప్పుబాబాయ్:
ఆగిపోయింది పాదచారుల భద్రత నిబంధనల వల్లే. దిక్కుమాలిన నిబంధనలు.

మీటరు_మాస్టారు:
అదొక్కటే కాదు. అమెరికాలో 1983కి ముందు గుండ్రంవో దీర్ఘచతురస్రంవో, బల్బు విడిగా మార్చలేని సీల్డ్ బీమ్ లైట్లే పెట్టాలి. ముక్కు కిందికి దించాలంటే దాచక తప్పదు. 1983లో బల్బు మార్చుకునే లైట్లకి ఒప్పుకున్నాక బానెట్ ఆకారానికి తగ్గట్టు అద్దం చేసుకోవచ్చు. ఇంక మోటార్లు, కీళ్ళు, అదనపు బరువు ఎవడు మోస్తాడు?

జర_ఆగన్నా:
అరె, గాయన రెండో ప్రశ్న ఎవరన్న చూసిన్రా? మూత ఎత్తుగ ఉన్నదంటుండు. లైటు దించినంక నాబ్ పట్టి ఇంకొంచెం తిప్పు. మూత ఇంకా కిందికి పోయిందంటే మోటారు పూర్తిగ పండుకోకముందే ఆగుతున్నట్టు. గప్పుడు బోల్టులు ముట్టకు. నాబ్ తిప్పినా కదలకుంటేనే మూత బోల్టులు వదులు చేసి సర్దు. చాలామంది ముందుగాల మూత సర్దుతరు, తర్వాత మోటారు బాగుచేస్తరు, మళ్ళ మూత బానెట్‌కు రాసుకుని పెయింట్ పోతది.

సగంరెప్ప:
ఈ మాటకి ధన్యవాదాలు అన్నా. మీటరు పెట్టి చూశా. లైటు లేస్తున్నప్పుడు ఎర్త్ దగ్గర 1.3 వోల్టులు. బోల్టు విప్పితే కింద పచ్చటి పొడి, రింగు టెర్మినల్ సగం తినేసి ఉంది. కొత్త టెర్మినల్ నొక్కి, ఛాసిస్ గీకి బిగించా. ఇప్పుడు 0.1. కీలు కూడా కడిగి గ్రీజు పెట్టా. ఎడమది చివరిదాకా లేస్తోంది, కుడిదాని కంటే కాస్త నెమ్మదిగా. మూత కూడా దాదాపు సమంగా కూర్చుంటోంది. కాకపోతే ఆగే ముందు లోపల చిన్నగా కర్‌మంటోంది.

పాతఇనుము:
కర్‌మంటోందా? గేరు. మొదటి జవాబులోనే చెప్పాను.

మీటరు_మాస్టారు:
కాదు. లింకు రాడ్డు చివర ఉన్న బాల్ జాయింటు చేత్తో ఊపి చూడండి, ఆడుతుంటే శబ్దం దానిదే. తర్వాత మోటారు విప్పి కాంటాక్ట్ డిస్కు తుడవండి. గ్రీజు నల్లగా గడ్డకట్టి ఉంటుంది. గేరు ఎలాగూ కళ్ళముందే ఉంటుంది కాబట్టి ఫొటో తీసి పెట్టండి, ఈ గొడవ కూడా తేలుతుంది.

పాతఇనుము:
పెట్టండి పెట్టండి. పళ్ళు దగ్గర నుంచి తీయండి.

కొత్తగావచ్చా:
మధ్యలో అడుగుతున్నా, ఏమీ అనుకోవద్దు. నా మియాటాలో సీటు వెనక తడి వస్తోంది. ఇది కూడా ఎర్త్ వల్లేనా?

తుప్పుబాబాయ్:
అది టాప్ వెనకాల నీళ్ళు పోయే రంధ్రాలు మూసుకుపోయి. వేరే చర్చ తెరువు నాయనా, ఇక్కడ అడిగితే నీకు కూడా ఇత్తడి గేరు వేసేస్తారు.